ఏడో కుంచం

మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే రోడ్డు పక్కన నరసింహ వాళ్ళ పాత వడ్ల కొట్టం ఉండేది. అందులో వడ్లు పోసిన రోజులు ఏనాడో పోయాయి. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లకు హద్దురాళ్ళు పడ్డాయి, నరసింహ చేతికి బంగారు కడియం వచ్చింది, దాని వెనకే సర్పంచ్ కావాలన్న కోరికా వచ్చింది. కుర్రాళ్ళ ఓట్లు కావాలంటే కుర్రాళ్ళకు ఏదో ఒకటి చెయ్యాలి కదా! కొట్టానికి సిమెంటు నేల చేయించి, సికింద్రాబాదు నుంచి ఇనుప కడ్డీలూ బిళ్ళలూ తెప్పించి, గోడకు నిలువుటద్దాలు బిగించి, జిమ్ అని బోర్డు రాయించాడు. ఒక్క వస్తువును మాత్రం కదిలించలేదు. లోపలి మూల, వెలుతురు సరిగ్గా అందని చోట, మనిషి కంటే ఎత్తైన వెదురు గుమ్మి ఒకటి ఉండేది. వడ్లు నిలవ చేసుకునే గుమ్మి అది. ఇప్పుడు ఖాళీ. అయినా దాని జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు.

రెండువేల రెండు వేసవిలో హేమచంద్ ఆ జిమ్‌లో చేరాడు. షామీర్‌పేట దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం, మేడ్చల్ స్టేషను వెనక కొత్త కాలనీలో సొంత ఇల్లు. చూడ్డానికి గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. కండలు పెంచి ఎవరికో చూపించుకుందామని అతను చేరలేదు. తండ్రిని ఎత్తడానికి చేరాడు.

తండ్రి వీరభద్రం తెనాలి వైపు మనిషి. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన గడపలోకి వస్తుంటే ముందు నీడ వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు, అంత మనిషి. ఆ ఏడు ఎండలు ముదరక ముందే పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఆస్పత్రిలో తూచినప్పుడు తొంభై కిలోలు దాటాడు. రోజూ కాసేపైనా లేపి కుర్చీలో కూర్చోబెట్టాలని, లేకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుందని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

ఇంటికి తెచ్చిన కొత్తలోనే హేమచంద్ ఆ పని చెయ్యబోయాడు. తండ్రి చంకల కింద చేతులు పెట్టి లేపాడు. సగంలో చేతులు వదిలేశాయి. వీరభద్రం తల మంచం ఇనుప పట్టీకి కొట్టుకుంది. ఆ చప్పుడు ఒక్కటే. ఆయన అరవలేదు, తిట్టలేదు. కొడుకు ముఖంలోకి ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నాడు. పక్కింటివాళ్ళు సాయానికి వస్తే మంచి చేత్తో వాళ్ళను కొట్టినంత పని చేశాడు. పరాయివాళ్ళ చేత ఎత్తించుకోవడం కంటే పడి ఉండటమే నయమన్నట్టు గోడ వైపు తిరిగిపోయాడు. ఆ రోజు హేమచంద్ తల్లి దగ్గర ఒట్టు పెట్టుకున్నాడు. తొంభై కిలోలు తొణక్కుండా ఎత్తగలిగేదాకా నాన్నను ముట్టుకోను, మళ్ళీ పడేస్తానమ్మా అన్నాడు. ఆ రోజు నుంచి మంచం దగ్గర పనంతా తల్లి లలితకుమారే చూసుకుంటోంది.

జిమ్‌లో మొదటి సాయంత్రమే అతనికి ఆ గొంతు వినిపించింది. వంగి, నేల మీది కడ్డీని రెండు చేతులా పట్టుకుని లేపి నిలబడ్డాడు. చీకటి మూల నుంచి, గుమ్మి వైపు నుంచి, ఒక ముసలామె గొంతు తాపీగా అంది.

"లాభం."

దించి మళ్ళీ లేపాడు. "రెండు" అంది. "మూడు" అంది. ఎవరో పెద్దావిడ అక్కడ కూర్చుని ఉందనుకున్నాడు. "ఆరు" దాకా లెక్కపెట్టి ఆగింది. హేమచంద్‌కు చేతులు అప్పటికే పీకేస్తున్నాయి, కడ్డీ వదిలేసి ఎవరావిడ అని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు అన్వేష్, జిమ్‌లో అందరికంటే బలమైనవాడు, నడుముకు బెల్టు బిగించుకుంటున్నాడు.

"బుచ్చమ్మ అవ్వ అన్నా. నర్సింహన్న వాళ్ళ అవ్వ."

"ఎక్కడున్నారు? కనపడరేం?"

"సచ్చిపోయింది. మస్తు ఏండ్లాయె." బెల్టు ఇంకో రంధ్రానికి లాగాడు. "మనం గింజలు కొలుస్తున్నమనుకుంటది. ఇనుమని ఆమెకేమెర్క? నువ్వు నీ పని జూస్కో."

కొత్తగా వచ్చిన ఆంధ్రావాణ్ణి ఆట పట్టిస్తున్నారనుకున్నాడు హేమచంద్. అందరూ వెళ్ళాక గుమ్మి దగ్గరికి వెళ్ళి, పీట వేసుకుని, తొంగి చూశాడు. లోపల ఎవరూ లేరు. అడుగున గుప్పెడు ఊక ఉంది. వేసవి సాయంత్రం, కొట్టమంతా పొయ్యిలా ఉంది, గుమ్మి లోపలి నుంచి మాత్రం బావిలోంచి వచ్చినట్టు చల్లగాలి ముఖానికి తగిలింది. గబగబా దిగి, పీట అక్కడే వదిలేసి ఇంటికి నడిచాడు.

మర్నాడు రాకూడదనే అనుకున్నాడు. కానీ దగ్గర్లో ఇంకో జిమ్ లేదు, ఇంట్లో మంచం మీద తండ్రి ఉన్నాడు. వచ్చాడు. నాలుగు వారాలు పోయాక, సిగ్గు విడిచి చెప్పుకోవాలంటే, ఆ లెక్క లేకపోతే అతనికి తోచేది కాదు. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. ఆవిడ ఒకటి అనేది కాదు, కల్లంలో వడ్లు కొలిచేవాళ్ళలా "లాభం" అనేది. ఆరు దాకా చెప్పి ఊరుకునేది. కుర్రాళ్ళందరూ అక్కడికి దించేసేవాళ్ళు. ఎవరూ ఆరు దాటేవాళ్ళు కాదు, ఎందుకని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మొదటి నెలల్లో బరువు ముచ్చటగా పెరిగింది. వారం వారం కడ్డీకి కొత్త బిళ్ళ పడేది. అరవై దాటింది, డెబ్భై దాటింది. హేమచంద్ చొక్కాలు భుజాల దగ్గర బిగుతయ్యాయి, కంపెనీలో పైవాళ్ళు కూడా ఏమయ్యా అని పలకరించసాగారు. పొద్దున ఉద్యోగానికి పోతూ ఒకసారి, సాయంత్రం వస్తూ ఒకసారి జిమ్‌కు వెళ్ళేవాడు. తొంభై ఎంతో దూరంలో లేదనిపించేది. వానాకాలం వచ్చేసరికి ఎనభై దగ్గర కడ్డీ ఆగిపోయింది. ఆగిపోవడమంటే మామూలుగా కాదు. ఒక బిళ్ళ, అరచేతిలో పట్టే చిన్న బిళ్ళ అదనంగా వేస్తే చాలు, నేలకు మేకులు కొట్టినట్టు ఉండేది. గుడ్లు తిన్నాడు, రాగి జావ తాగాడు, ఒక వారం పూర్తిగా మానేసి ఒళ్ళు విరుచుకుని వచ్చాడు, నడుముకు అన్వేష్ బెల్టు కట్టుకున్నాడు. ఏం చేసినా ఎనభైయే.

"గదంతే అన్నా," అన్నాడు అన్వేష్. "నేను రెండేండ్ల సంది ఒక్కకాడనే ఉన్న. ఈడ అందరిది గదే కథ. యాడికో కాడికొచ్చి ఆగుతది."

ఇంట్లో తండ్రి దగ్గు రోజురోజుకూ బరువెక్కుతోంది. వీపు మీద చర్మం కందిందని తల్లి చెప్పింది. వీళ్ళకేం, రెండేళ్ళు ఆగినా మూడేళ్ళు ఆగినా అద్దంలో కండలు చూసుకుని బతికేస్తారు. తనకు ఆగే వీల్లేదు.

సికింద్రాబాదులో పాత పుస్తకాల దుకాణం నుంచి బరువులెత్తే విద్య మీద ఒక పుస్తకం తెచ్చుకుని చదివాడు. అందులో చాలా తేలిగ్గా రాసి ఉంది. బరువు ఒకచోట ఆగిపోతే పంతానికి పోకు, తగ్గించు, తగ్గించిన బరువును ఎక్కువసార్లు ఎత్తు, ఎనిమిది పదిసార్లు, ఒంటికి కొత్త పని చూపించు, ఆ తర్వాత పెంచు. హేమచంద్‌కు నవ్వొచ్చింది. ఈ కొట్టంలో ఆరు దాటిన మగాడు లేడు. అందుకే అందరూ ఆగిపోయారు. ఇంత చిన్న సంగతి!

ఆ సాయంత్రం కడ్డీకి అరవై వేశాడు. ఎప్పుడో దాటేసిన బరువు, ఇప్పుడు ఆటబొమ్మ. లాభం నుంచి ఆరు దాకా చకచకా లేపాడు. ఆరు తర్వాత వంగాడు. గొంతు ఏమీ అనలేదు. కొట్టంలో గాలి ఆగింది. కడ్డీ కదల్లేదు.

మళ్ళీ లాగాడు. చేతులు సాగాయి, కణతలు కొట్టుకున్నాయి, అరవై కిలోల ఇనుము నేలను వదల్లేదు. ముక్కుకు కొత్త వడ్ల వాసన తగిలింది, దానితోపాటు తడిమట్టి వాసన. చేతుల మధ్య కడ్డీ చల్లబడిపోయింది. వదిలేసి నిలబడగానే గాలి మళ్ళీ ఆడింది. కాసేపాగి మొదటి నుంచి మొదలుపెడితే అదే అరవై పువ్వులా లేచింది, ఆరు దాకా. ఆరు తర్వాత మళ్ళీ అదే.

రోజుల తరబడి దానితో పోట్లాడాడు. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఆరు కాగానే మనసులో మళ్ళీ లాభం అనుకున్నాడు. ఐదుకే ఆగి, నీళ్ళు తాగి, ఏమీ ఎరగనట్టు వచ్చి పట్టుకున్నాడు. దయ్యాన్ని మోసం చెయ్యబోయే మనిషి ముఖం ఎలా ఉంటుందో అద్దంలో చూసుకుంటే తనకే అసహ్యం వేసింది. ఆవిడ ముందు ఏ ఎత్తూ పారలేదు.

చివరికి ఒక సాయంత్రం ఓపిక నశించింది. ఆరు అయింది. ఎప్పటిలాగే ఆ మౌనం వచ్చి కడ్డీ మీద కూర్చుంది. హేమచంద్ వంగినవాడు వంగినట్టే, గుమ్మి వైపు తల తిప్పి, కొట్టం మోగేలా అరిచాడు.

"ఏడు! ఆరు తర్వాత ఏడు!"

అన్వేష్ చేతిలోని బరువు ధడాలున నేల మీద పడింది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఖాళీ గుమ్మిలో జరజరమని గింజలు పోసిన చప్పుడైంది. ఒకే ఒక్క కుంచం పోసినంత సేపు. తర్వాత ఏమీ లేదు.

బయట మోటారు సైకిలు దిగుతున్న నరసింహ లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవడ్రా గా మాటన్నది?"

"నేనే," అన్నాడు హేమచంద్. "అందులో తప్పేముందండీ? అది అంకె."

"అంకెనే సారు. కని గింజల ముంగట గా అంకె నోట్లకెళ్ళి తియ్యరు. ఏడు అంటే ఏడువుమన్నట్టే గదా. ఇంట్లకు ఏడుపును రమ్మని పిలిచినట్టే. మా అవ్వ ఏనాడు అనలే. ఆరు అని, ఏడో కుంచం మాట్లాడకుంట పోసి, ఎనిమిది అనేది." నరసింహ చేయి కడియాన్ని తిప్పుతోంది. "ఇగ నువ్వు ఇంటికి వో సారు. ఇయ్యాల్టికి సాలు."

ఆ రోజు వరకు ఆవిడ కొట్టం దాటి వచ్చింది లేదు.

మర్నాడు హేమచంద్ మేడ్చల్ జిమ్ మానేసి, లోకల్ రైలెక్కి అల్వాల్ వెళ్ళాడు. అక్కడ బజారులో, కిరాణా కొట్టు మీది అంతస్తులో, ట్యూబు లైట్ల వెలుగులో ఒక జిమ్ ఉంది. టేప్ రికార్డరులో హిందీ పాటలు హోరెత్తుతున్నాయి. ఇక్కడ గుమ్మి లేదు, ఊక లేదు. నిబ్బరంగా కడ్డీ పట్టుకుని లేపాడు. పాట మధ్యలోంచి, చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా, ఆ గొంతు "లాభం" అంది. పక్కనున్నవాళ్ళెవరూ తల తిప్పలేదు. ఇప్పుడు ఆవిడ లెక్క తనొక్కడికే. ఆరు తర్వాత పాట సాగుతూనే ఉంది, అతని చెవుల్లో మాత్రం ఏమీ లేదు, కడ్డీ కదల్లేదు.

ఇంటికొచ్చేసరికి లలితకుమారి మంచం అంచున కూర్చుని మెడ దాకా దుప్పటి కప్పి ఉన్న మొగుడికి చెంచాతో జావ పట్టిస్తోంది. హేమచంద్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ప్రతి చెంచాకూ, తల్లి పెదవులు కదలకుండానే, గదిలో లెక్క వినపడుతోంది. ఆరో చెంచా మింగాక వీరభద్రం నోరు మూసేశాడు. తల్లి బతిమాలింది, గడ్డం పట్టుకుంది. ఆయన నోరు తెరవలేదు.

"ఏవిటోరా, నిన్నటి నుంచీ మరీ ఇంతే," అంది లలితకుమారి. "ఆరు చెంచాలు పట్టేసరికి చాలించేస్తున్నారు."

రాత్రికి జ్వరం తగిలింది. పొద్దున్నే వచ్చిన డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఇంకా కూర్చోబెట్టడం మొదలుపెట్టలేదా, రేపోమాపో మొదలుపెట్టకపోతే నా చేతుల్లో లేదు అన్నాడు. హేమచంద్ ఏమని చెబుతాడు? తన నోటి మాటే ఇంట్లోకి వచ్చి నాన్న గుండెల మీద కూర్చుందని చెబుతాడా? కంపెనీకి ఫోను చేసి సెలవు పెట్టి, నేరుగా నరసింహ ఇంటికి వెళ్ళాడు.

నరసింహ అరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు. హేమచంద్ ముఖం చూసి పేపరు మడిచి, చాయ్ చెప్పి, కూర్చోమన్నాడు.

"మీ అవ్వ మా ఇంటికి వచ్చింది," అన్నాడు హేమచంద్. "ఆవిడకేం కావాలో చెప్పండి. మా నాన్నను వదిలెయ్యమనండి."

నరసింహ కొట్టం ఉన్న వైపు చూశాడు.

"మా అవ్వ ఎవ్వర్ని ఏమనే మనిషి కాదు సారు," అన్నాడు. "గా కొట్టంలనే వడ్లు కొలుస్తుండె గా దినం. మబ్బు పట్టింది. వానొస్తే మొత్తం పాయె. ఆరు కుంచాలు కొలిచింది. గప్పుడొచ్చి చెప్పిన్రు, మా తాత బాయికాడ పడ్డడు, పానం పోయిందని. అవ్వ లేవలే. ఏడో కుంచం పోసింది, ఎనిమిది అన్నది. మొత్తం కొలిచి, గుమ్మికి మూత వెట్టి, గప్పుడు లేసి పోయింది. గట్టి మనిషని ఊరంత పొగిడిన్రు. సుక్క కన్నీళ్ళు గూడ రాలే ఆమెకు. ఆడోళ్ళంత చుట్టు కూసోని, ఏడువు బుచ్చమ్మా, ఏడిస్తే పానం అల్కగైతది అంటే, ఏడుపు మాట నాకు నోరు తిరుగదు అన్నదట. సచ్చేదాంక ఏడ్వలే. గా ఏడో కుంచం కాడనే ఉన్నది ఇంక."

చాయ్ వచ్చింది. ఇద్దరూ తాగలేదు.

"నువ్వు పోయి అడుగు సారు," అన్నాడు నరసింహ మెల్లగా. "గుస్సా జేసినోనివి నువ్వే. మంచిగ అడుగు. నేను గూడ వస్త."

వాళ్ళు వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. కరెంటు పోయింది. వాన మబ్బు కమ్ముకుని కొట్టం లోపల అద్దాలు కూడా నల్లగా ఉన్నాయి. అన్వేష్ ఒక్కడే తలుపు దగ్గర కూర్చుని కరెంటు కోసం చూస్తున్నాడు. వాళ్ళను చూసి లేచి నిలబడ్డాడు. హేమచంద్ కడ్డీకి అరవై వేశాడు. గుమ్మికి ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు.

"తప్పైపోయింది అవ్వా," అన్నాడు. "మా నాన్నను ఎత్తాలి. నాకింకేం వద్దు."

వంగి కడ్డీ పట్టుకున్నాడు.

"లాభం," అంది గొంతు. ముగ్గురికీ వినపడింది. అన్వేష్ గోడకు ఆనుకున్నాడు. రెండు, మూడు, నాలుగు. ఈసారి లెక్క నెమ్మదిగా నడిచింది, ఎవరో బరువు మోస్తూ చెబుతున్నట్టు. ఐదు. ఆరు.

మౌనం వచ్చింది. వడ్ల వాసన వచ్చింది, తడిమట్టి వాసన వచ్చింది. కడ్డీ చేతుల్లో గడ్డకట్టింది. ఇన్నాళ్ళూ హేమచంద్ ఇక్కడ చేసింది రెండే పనులు, లాగడం లేకపోతే వదిలెయ్యడం. ఈసారి రెండూ చెయ్యలేదు. పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ మౌనంలో అతనికి ఒక చప్పుడు వినపడింది. గుమ్మిలోంచి కాదు. తండ్రి తల ఇనుప పట్టీకి తగిలిన చప్పుడు. ఆ రోజు నుంచి ఒక్క పూట కూడా దాన్ని పూర్తిగా విననియ్యకుండా పొద్దునా సాయంత్రం ఇనుము మోగించుకుంటూ బతికాడు. ఇప్పుడు మోగించడానికేమీ లేదు. నాన్న కళ్ళు తెరిచి తన ముఖంలోకి చూడటం, మూసుకోవడం, ఒక్కొక్కటీ కనపడింది. ఏడుపు తన్నుకొచ్చింది. మింగబోయాడు. మగాడు, ఇంటికి ఇప్పుడు దిక్కు తనే, మింగాలి.

మూలలో ఊక కదిలింది. ముసలి గొంతు, నోరు తిరగని మాటను కూడబలుక్కుంటున్నట్టు, తడబడింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"ఏడు," అంది. ఆ తర్వాత, చాలా మెత్తగా, "ఏడు, బిడ్డా."

హేమచంద్ ఏడ్చాడు. నోరు తెరిచి, ముక్కు కారుతూ, చిన్నపిల్లాడిలా నాన్నా నాన్నా అంటూ ఏడ్చాడు. ఏడుస్తూ లేచాడు, అతనితోపాటు కడ్డీ లేచింది. ఎప్పుడు లేచిందో అతనికి తెలియలేదు. చీకటి మూలలో ఇంకో ఏడుపు కూడా వినిపించింది, సన్నగా, ఎండిన బావిలో ఊట పుట్టినట్టు, ఆగి ఆగి. నరసింహ అక్కడే నేల మీద కూలబడి తల పట్టుకున్నాడు.

"ఏడుస్తాంది," అన్నాడు. "మా అవ్వ ఏడుస్తాంది."

అది ఎంతసేపు సాగిందో ముగ్గురిలో ఎవరూ చెప్పలేకపోయారు. బయట వాన మొదలైంది, రేకుల మీది చప్పుడులో ఆ ఏడుపు కలిసిపోయింది. ముఖం తుడుచుకుని హేమచంద్ కడ్డీకి మిగతా బిళ్ళలు ఎక్కించాడు. తొంభై. వంగాడు, ఊపిరి బిగించాడు, మోకాళ్ళు వణికాయి, కడ్డీ గీసుకుంటూ గీసుకుంటూ పిక్కల మీదుగా, తొడల మీదుగా పైకి వచ్చింది. నిటారుగా నిలబడ్డాడు. లెక్క కోసం మూల వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. వెదురు అల్లిక, ఖాళీ, అంతే. కాసేపటికి తలుపు దగ్గర నుంచి అన్వేష్ బొంగురు గొంతుతో అన్నాడు.

"లాభం."

హేమచంద్ వానలోనే ఇంటికి పరుగెత్తాడు. తడి బట్టలతో గదిలోకి వచ్చిన కొడుకును చూసి లలితకుమారి కంగారుగా లేచింది.

"ఏమైందిరా? కళ్ళేవిటి అలా ఉన్నాయి?"

"కుర్చీ ఇటు జరుపమ్మా," అన్నాడు. "నాన్నను లేపుతాను."

చొక్కా మార్చుకుని, చేతులు తుడుచుకుని మంచం పక్కన నిలబడ్డాడు. ఎన్ని నెలలైందో తండ్రి ఒంటి మీద చెయ్యి వేసి. వీరభద్రం గోడ వైపు నుంచి కళ్ళు తిప్పి చూశాడు. హేమచంద్ ఒక చెయ్యి వీపు కిందికి, ఒక చెయ్యి మోకాళ్ళ కిందికి పోనిచ్చాడు. పాదాలు నేలకు తన్నిపెట్టి, నడుము బిగించి, పళ్ళు బిగించి, తొంభై కిలోలకు సరిపడా బలం కూడదీసుకుని ఒక్కసారి లేపాడు.

లేపిన ఊపుకు వెనక్కి తూలి గోడకు తగిలాడు. చేతుల్లో ఏమీ లేదనిపించింది. దుప్పటి మాత్రమే లేపానా అని కిందికి చూశాడు. నాన్నే. నాన్న ముఖమే. ముఖం కింద లాల్చీ, లాల్చీలో పక్షి గూడులాంటి ఎముకలు. ఆ పెద్ద ఒళ్ళు ఎటు పోయిందో లేదు. వేసవి దాటకుండానే, జిమ్‌లో ఆడుతూ పాడుతూ దాటేసిన బరువులు ఇంతకంటే ఎక్కువుండేవి. కొట్టంలో వినపడిన గొంతు కంటే, ఖాళీ గుమ్మిలో పోసిన గింజల కంటే, ఆ తేలిక అతన్ని భయపెట్టింది.

"అమ్మా," అన్నాడు. "నాన్న ఎప్పుడు ఇలా అయిపోయారు?"

"తిండి సగానికి పడిపోయి ఎన్నాళ్ళయిందిరా," అంది లలితకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నేనొక్కదాన్నే అటూ ఇటూ తిప్పుతున్నానంటే ఎలా అనుకున్నావు? నువ్వేమో తొంభై లేపేదాకా ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నావు. రోజూ అలిసిపోయి వచ్చేవాడివి. నీకేమని చెప్పను?"

హేమచంద్ కుర్చీ వైపు నడవలేకపోయాడు. తండ్రిని గుండెకు ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. ఎప్పుడో ఎత్తగలిగేవాడు. వానలు రాకముందే, వీపు కందకముందే, కఫం చేరకముందే ఎత్తగలిగేవాడు. ఇన్నాళ్ళూ తను కుస్తీ పట్టింది నాన్న బరువుతో కాదు.

వీరభద్రం మంచి చెయ్యి లేచి కొడుకు మెడ చుట్టూ పడింది. కొత్తగా గట్టిపడిన భుజాన్ని వేళ్ళతో తడిమి చూశాడు. ముద్దయిపోయిన నోటితో ఏదో అన్నాడు. హేమచంద్ చెవి దగ్గరగా పెట్టాడు.

"బ... రువా?"

"చాలా బరువున్నారు నాన్నా," అన్నాడు హేమచంద్. కన్నీళ్ళు దాచుకోలేదు. "చాలా బరువు. ఎత్తలేక చస్తున్నాను."

వీరభద్రం పెదవి ఎడమ కొస గర్వంగా పైకి లేచింది.